ఒకే ఫోన్ లైన్, ఇంట్లో రెండు కంప్యూటర్లు: డయల్-అప్ పంచుకున్న తీరు

నానక్‌రామ్‌గూడ హాస్టళ్లలో ఫ్లోరుకో వైఫై రూటర్ పెట్టి, అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వడం మామూలే. అయితే ఒక కనెక్షన్‌ను పది మంది వాడుకోవడం వైఫైతో మొదలైంది కాదు. డయల్-అప్ రోజుల్లోనూ ఈ పని చేశారు, కాకపోతే కాస్త కష్టపడి.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్‌ను వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇచ్చింది. ఇక్కడికి దగ్గర్లోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అప్పట్లో ఇంట్లో నెట్ అంటే ల్యాండ్‌లైన్, మోడెమ్, కీచుమనే ఆ శబ్దం. మోడెమ్ వేగం ఎంత ఎక్కువైనా 56 కిలోబిట్లు, అంటే సెకనుకు 7 కిలోబైట్లు. 3 ఎంబీ పాట దిగాలంటే 7 నిమిషాలు దాటేది. ఇద్దరు పంచుకుంటే అందులో సగమే.

1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనే సదుపాయం పెట్టారు. మోడెమ్ ఉన్న కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కార్డు బిగించి, రెండోదానికి క్రాస్ఓవర్ కేబుల్ లాగితే సరి. మూడోది కూడా ఉంటే హబ్ కొనాలి. మొదటి కంప్యూటర్ 192.168.0.1 అనే అడ్రస్ తీసుకుని, మిగతావాటికి తనే అడ్రస్‌లు పంచుతుంది. బయటి ప్రపంచానికి మాత్రం ఇల్లంతా ఒకే అడ్రస్. ఎవరు ఏ పేజీ అడిగారో గుర్తుపెట్టుకుని, వచ్చినదాన్ని వాళ్లకే చేర్చడం ఆ మొదటి కంప్యూటర్ పని. అది ఆపేస్తే అందరికీ నెట్ బంద్.

అసలు చిక్కు బిల్లు దగ్గర వచ్చేది. లోపలి గదిలో పిల్లాడు బ్రౌజర్ తెరవగానే, హాల్లోని మోడెమ్ తనంతట తనే డయల్ చేసేది. ఇంటర్నెట్ గంటల ఖర్చు ఒకటి, ఫోన్ పల్స్ ఖర్చు ఇంకొకటి. పైగా లైన్ బిజీ. సౌదీ నుంచో దుబాయ్ నుంచో అబ్బా ఫోన్ చేస్తే ఎంగేజ్ టోన్ వినాల్సిందే. అందుకే కాసేపు ఎవరూ వాడకపోతే లైన్ కట్ అయ్యేలా సెట్టింగ్ పెట్టుకునేవాళ్లు.

2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఫోన్, నెట్ ఒకేసారి నడిచాయి. పద్ధతి మాత్రం పోలేదు. 2020లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు అమ్మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో పిల్లలు చదువుకున్న ఇళ్లలో, ఆ మొదటి కంప్యూటర్ పని ఫోన్ చేసింది. ఇప్పటికీ హాట్‌స్పాట్ ఇచ్చినవాళ్ల డేటానే ఖర్చవుతుంది, పక్కింటివాళ్లు ఏం చూసినా కనెక్షన్ మీ పేరు మీదే ఉంటుంది. కాబట్టి పాస్‌వర్డ్ లేకుండా వదలొద్దు, తెలిసినవాళ్లకు ఇచ్చినా అప్పుడప్పుడు మార్చండి.