ఊర్మిళ ఏ పేజీలో ఉంది?

వేసవి సెలవులకి మా అమ్మాయికి బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పురాణాల్లో పెద్దగా మాట్లాడని పాత్ర ఒకదాన్ని తీసుకుని, ఆ పాత్రే తన కథ చెప్పుకుంటున్నట్టు నాలుగు పేజీలు రాయాలట. తొమ్మిదో తరగతి పిల్లలకి మంచి పనే. మాది ఊర్మిళని ఎంచుకుంది. "రాసే ముందు కాస్త చదువుకోవాలి కదమ్మా" అంటే ఇద్దరం కలిసి అటక మీది అట్టపెట్టె దింపాం. అందులో నా చిన్ననాటి అమర్ చిత్ర కథలు, మా వారు దాచుకున్న చందమామలు ఉన్నాయి. దుమ్ము దులిపేసరికే ఒక పూట గడిచిపోయింది.

ఆ పుస్తకాలకీ ఓ కథ ఉంది. చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైంది. బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా తెచ్చారు. మాయాబజార్ సినిమా తీసిన విజయా వారు కూడా వీళ్ళే. 1952 నుంచి 1980లో పోయేవరకూ కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ పత్రికని నడిపించారు. తేలిక మాటలు, చిన్న వాక్యాలు, పేజీకో బొమ్మ. పిల్లలకని తెప్పించిన పత్రికని పెద్దవాళ్ళు ముందు చదివేసేవారు.

అమర్ చిత్ర కథ 1967లో వచ్చింది. దాని వెనక ఉన్నాయన అనంత్ పాయ్. ఢిల్లీలో టీవీలో ఒక క్విజ్ చూస్తుంటే, గ్రీకు దేవతల గురించి టకటకా చెప్పిన పిల్లలు రాముడి తల్లి పేరు అడిగితే నోరు మెదపలేదట. ఆ రోజే ఈ ఆలోచన పుట్టిందని ఆయన చెప్పుకునేవారు. మొదటి పది పుస్తకాలూ విదేశీ కథలే. పదకొండోది కృష్ణుడు, రామ్ వాయిర్‌కర్ బొమ్మలతో. మన కథలు అక్కణ్ణుంచి మొదలయ్యాయి. దేవుళ్ళ ముఖాల్లో, నగల్లో, చీర కుచ్చిళ్ళలో రవివర్మ పటాల పోలిక కనిపిస్తుంది. మా తరం పిల్లలకి సీత అంటే ఆ బొమ్మే.

ఆ పుస్తకానికి 32 పేజీలు. కథ ఎంత పెద్దదైనా అందులోనే ఇమడాలి. భారతానికి మాత్రం 42 సంచికలు కేటాయించారు. మామూలు పుస్తకంలో అంత చోటెక్కడిది? విల్లు విరగాలి, అడవికి వెళ్ళాలి, లేడి రావాలి, లంక కాలాలి. ఇంట్లో ఉండిపోయినవాళ్ళకి బొమ్మ దక్కదు.

మా పెట్టెలోని పుస్తకాలన్నీ వెతికితే ఊర్మిళ పెళ్ళి దగ్గర తప్ప ఇంకెక్కడా కనబడలేదు. నలుగురు పెళ్ళికూతుళ్ళలో ఒకతె. తప్పు బొమ్మలవాళ్ళదే అనుకోనక్కర్లేదు. వాల్మీకి కూడా ఆమెని లక్ష్మణుడికిచ్చి పెళ్ళి చేయించాడు గానీ, అతను అడవికి బయల్దేరినప్పుడు ఆమె ఏమందో చెప్పలేదు. కావ్యాల్లో కవులు పట్టించుకోని స్త్రీల గురించి రాస్తూ టాగూరు ఈమెని తలుచుకున్నారు. హిందీలో మైథిలీశరణ్ గుప్త 1931లో వచ్చిన తన 'సాకేత్' కావ్యంలో ఆమెకి పెద్ద చోటిచ్చారు.

నేను మాత్రం విసిగిపోయి, "ఆవిడ గురించి ఎక్కడా ఏమీ లేదే, హాయిగా హనుమంతుణ్ణి తీసుకో" అన్నాను.

పక్కగదిలో పడుకున్న మా అత్తయ్యగారు, "ఏమీ లేకపోవడమేమిటే? పధ్నాలుగేళ్ళూ నిద్రపోయింది కదా" అన్నారు.

ఆవిడకి ఈమధ్య మతిమరుపు. పొద్దున్న మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. అలాంటిది లేచి కూర్చుని 'ఊర్మిళాదేవి నిద్ర' అందుకున్నారు. పట్టాభిషేకమయ్యాక సీత గుర్తుచేస్తేగానీ ఊర్మిళ సంగతి ఎవరికీ తట్టలేదు. లక్ష్మణుడు గదిలోకి వచ్చి లేపితే, ఆమె అతన్ని పోల్చుకోలేక, ఎవరో పరాయివాడనుకుని చీవాట్లు పెడుతుంది. మధ్యలో కొన్ని చరణాలు మర్చిపోయారు. అక్కడ ఆగి, కూనిరాగం తీసి, మళ్ళీ ముందుకెళ్ళారు. మా అమ్మాయి ఫోనులో రికార్డు చేసుకుంది.

తర్వాత 'లక్ష్మణదేవర నవ్వు' చెప్పారు. అన్నావదినలకి కాపలా కాయాలని, ఈ పధ్నాలుగేళ్ళూ నన్ను వదిలి ఊర్మిళ దగ్గరికి పొమ్మని లక్ష్మణుడు నిద్రాదేవిని వేడుకున్నాడట. గడువు తీరాక ఆవిడ నిండు సభలో ఎదురైతే అతనికి నవ్వొచ్చింది. సభలో ప్రతివాళ్ళూ తమని చూసే నవ్వాడని ఉలిక్కిపడ్డారు!

ఇవి ఆడవాళ్ళు ఇళ్ళల్లో పాడుకున్న పాటలు. తర్వాత కొందరు సేకరించి అచ్చువేశారు. వెల్చేరు నారాయణరావుగారు వీటి మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసం 1991లో పౌలా రిచ్‌మన్ తెచ్చిన 'మెనీ రామాయణాస్' పుస్తకంలో ఉంది. ఈ పాటల్లో యుద్ధం కంటే పురుళ్ళు, అలకలు, అత్తాకోడళ్ళ సంగతులే ఎక్కువ. రామాయణాన్ని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చూస్తే కనబడేది అదే మరి. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తయ్యగారు ఈ పాటలు పాడుతుంటే, పాతకాలపు గోల అనుకుని రేడియో పెట్టుకునేదాన్ని. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఒక్క చరణమూ నేర్చుకోలేదు. ఇప్పుడు నేర్చుకుందామంటే సగం ఆవిడకే గుర్తులేదు.

మా అమ్మాయి నాలుగు పేజీలూ రాసింది. అందులో ఊర్మిళ, "నా నిద్ర కూడా నన్ను అడక్కుండా ఇచ్చిందే" అంటుంది. ఆ మాట పాటలోదీ కాదు, బొమ్మల పుస్తకంలోదీ కాదు, దానిదే. అత్తయ్యగారికి చదివి వినిపిస్తే, "అవునే, ఎవరూ అడగలేదు" అని కాసేపు ఊరుకున్నారు.

పుస్తకాలు మళ్ళీ పెట్టెలో సర్దాం. అందులో అడుగున ఒక నోటుబుక్కు కూడా పెట్టాలని నా కోరిక. రోజూ మధ్యాహ్నం కాఫీ అయ్యాక అత్తయ్యగారి పక్కన కూర్చుని, గుర్తొచ్చినంతవరకూ రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు చరణాలయ్యాయి. మీ ఇంట్లో కూడా పాడగలిగే పెద్దావిడ ఉంటే, ఈ సాయంత్రమే అడగండి.