వీడియో గేములు: ఆటగాడూ, తెర మీది పాత్రా

వీడియో గేములో తెర మీద కదిలే పాత్రకూ, దాన్ని నడిపే మనిషికీ మధ్య ఉండే బంధం సినిమా కథానాయకుడికీ ప్రేక్షకుడికీ ఉండే బంధం లాంటిది కాదు. సినిమాలో నాయకుడు గోతిలో పడితే జాలిపడతాం. ఆటలో పడితే తప్పు మన బొటనవేలిది. పాత్ర చేసే పనులకు ఆడేవారి చెయ్యే కారణం. అయినా ఆ పాత్రకు సొంత పేరు, గతం, స్వభావం ఉండవచ్చు. ఈ రెండింటి పెనుగులాటలోంచే ఈ బంధం పుడుతుంది. రూపం, కథ, సంభాషణలు తర్వాత వచ్చి చేరేవే. మొదటి ముడి పడేది చేతివేళ్ల దగ్గరే.

వేళ్లతో మొదలు

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థలో షిగెరు మియామోటో 1981లో ‘డాంకీ కాంగ్’ రూపొందించినప్పుడు అందులో గెంతే వడ్రంగికి మారియో అన్న పేరింకా రాలేదు, జంప్‌మ్యాన్ అనేవారు. అప్పటి తెర మీద బొమ్మ గీయడానికి దొరికే చుక్కలు చాలా తక్కువ. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు, నోటికి చోటు చాలక మీసం పెట్టారు. ముఖంలో ఏ భావమూ పలకని ఈ బొమ్మకు కోట్లమంది దగ్గరయ్యారంటే దానికి కారణం అది కదిలే తీరు. ‘డాంకీ కాంగ్’లో ఒకసారి గెంతాక గాలిలో దారి మార్చుకోవడం కుదరదు. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో బటన్‌ను ఎక్కువసేపు నొక్కి ఉంచితే ఎక్కువ ఎత్తుకు లేస్తాడు, గాలిలో ఉండగానే వెనక్కి లాగవచ్చు. పరుగు మీద ఉన్నవాణ్ణి ఆపబోతే కొంచెం జారి ఆగుతాడు. ఆ కాస్త జారుడులోనే వాడికి బరువుందని మన చేతికి తెలుస్తుంది. 1996లో వచ్చిన ‘సూపర్ మారియో 64’కు కూడా ముందు మారియో నడక, పరుగు, గెంతు చేతికి హాయిగా అనిపించేదాకా సరిదిద్దుకుని, ఆ తర్వాతే లోకాన్ని కట్టుకుంటూ వెళ్లారు.

ఖాళీ పాత్రలు, నిండు పాత్రలు

కొన్ని ఆటలు పాత్రను కావాలనే ఖాళీగా ఉంచుతాయి. ‘హాఫ్ లైఫ్’ (1998)లో నాయకుడు గోర్డన్ ఫ్రీమన్ ఒక్క మాటా మాట్లాడడు. చూపు అతని కళ్లలోంచే సాగుతుంది కాబట్టి అతని ముఖమూ కనబడదు. ఆ ఖాళీలో ఆడేవారు కూర్చుంటారు. రిచర్డ్ గ్యారియట్ ‘అల్టిమా 4’ (1985)లో ఇంకొక అడుగు వేశాడు. ఆట మొదట్లో ధర్మసంకటాల వంటి ప్రశ్నలు వేసి, జవాబులను బట్టి ఆడేవారు ఎవరో తేలుస్తుంది. దారిలో మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మే గుడ్డి వ్యాపారి ఉంటుంది. ఎంత ఇస్తున్నారో ఆమె చూడలేదు. తక్కువ ఇచ్చి వచ్చేయవచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ ఆట మాత్రం లెక్క రాసుకుంటుంది, నిజాయితీ తగ్గుతుంది. రాక్షసుల్ని చంపి గెలవడమే ఆటగా సాగుతున్న రోజుల్లో, పాత్ర చేసిన పనికి ఆడేవారిని జవాబుదారీ చేసిన సాహసం ఇది.

‘టూమ్ రైడర్’ (1996) లారా క్రాఫ్ట్ ఖాళీ పాత్రలకు ఎదురు కొస. ఆమెకు పేరు, గొంతు, కుటుంబం అన్నీ ఉన్నాయి. ఆడేవారు ఆమె వెనక నడుస్తూ ఆమెను కాపాడుకుంటారు.

చెయ్యి వెనకాడే చోటు

నిండు పాత్రలతో వచ్చే చిక్కు ఏమిటంటే, పాత్ర చేసే పని ఆడేవారికి ఇష్టం లేకపోవచ్చు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ (2013) చివర్లో కథానాయకుడు జోయెల్ ఒక ఆపరేషన్ గదిలోకి చొరబడతాడు. బల్ల మీద అతను కాపాడుకుంటూ వచ్చిన అమ్మాయి ఎల్లీ స్పృహ లేకుండా ఉంటుంది, అడ్డంగా ఒక వైద్యుడు నిలబడతాడు. అతణ్ణి చంపనిదే కథ కదలదు, చంపాల్సింది మన చేత్తోనే. 2020లో వచ్చిన రెండో భాగంలో ఆ వైద్యుడి కూతురు అబీ జోయెల్‌ను చంపుతుంది. ఆ తర్వాత దాదాపు సగం ఆట ఆమెగానే ఆడాలి. ఆడేవారిలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. అబీకి గొంతునిచ్చిన నటి లారా బెయిలీకి బెదిరింపులు కూడా వచ్చాయి. ఆ బెదిరింపులు క్షమించరానివి. కాని ద్వేషించిన మనిషిని గంటల తరబడి మన చేత్తో నడిపించి, ఆమె భయాలను మన భయాలు చేయడం మరే కళా చేయలేని పని.

ఈ బంధాన్ని మాటల్లేకుండా చూపిన ఆట ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ (2013). దర్శకుడు జోసెఫ్ ఫారెస్. ఇది ఇద్దరు అన్నదమ్ముల కథ. కంట్రోలర్‌లో ఎడమ స్టిక్, దాని బటన్ అన్నను నడుపుతాయి, కుడివైపువి తమ్ముణ్ణి. ఇద్దరినీ ఒక్కరే నడపాలి. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం. నది దాటాల్సి వస్తే అన్న వీపు పట్టుకుంటాడు. కథ చివర్లో అన్న చనిపోతాడు, ఎడమచేతికి పనిలేకుండా పోతుంది. తమ్ముడు ఒంటరిగా నీటి ఒడ్డుకు వస్తాడు. అతని బటన్ ఎంత నొక్కినా లోపలికి దిగడు. అన్న బటన్ నొక్కితే ఈదుతాడు. ఆ సంగతి ఆట చెప్పదు, ఎడమచెయ్యే కనిపెట్టాలి.

పాత్ర మనిషిని మార్చడం

ప్రభావం తిరుగుదారిలోనూ నడుస్తుంది. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, కృత్రిమ లోకంలో పొడుగు రూపం దొరికినవారు డబ్బు పంచుకునే బేరంలో గట్టిగా నిలబడ్డారు. పొట్టి రూపం దొరికినవారు అన్యాయమైన వాటాకు ఎక్కువగా తలొగ్గారు. అందమైన రూపం వచ్చినవారు ఎదుటివారికి మరింత దగ్గరగా వెళ్లారు. రూపాలు మార్చుకునే గ్రీకు దేవుడి పేరిట దీన్ని ప్రోటియస్ ప్రభావం అన్నారు.

నలుగురితో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో పాత్ర రూపం ఆస్తి కూడా అవుతుంది. దుస్తులు, తుపాకీ స్కిన్‌లు ఆట గెలవడానికి ఉపయోగపడకపోయినా డబ్బు పెట్టి కొంటారు. పబ్‌జీ మొబైల్‌ను భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించాక, హైదరాబాదు నుంచి పల్లెల దాకా దాన్ని ఆడిన తెలుగు కుర్రకారు ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్న పాత్రలు దూరమయ్యాయి. 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ దాని భారతీయ రూపమైన బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) విడుదల చేసినప్పుడు, పాత ఖాతాలోని వస్తువుల్ని కొత్త ఆటలోకి తెచ్చుకునే వీలు కూడా కల్పించింది.