జకార్తా కొయ్యవంతెన – మన తీరము



వంతెన యనగా కదలక నిలిచి మనుష్యులను దాటించునదియే యని తలంతుము. కాని పడవ వచ్చినపుడు తాను పైకి లేచి దారి యిచ్చు వంతెనలును గలవు. అట్టి కొయ్యవంతెన యొకటి జావాద్వీపమందలి జకార్తా నగరమున, కాలి బెసార్ అను నదీశాఖపై నేటికిని నిలిచియున్నది. నగరము, రేపల్లె ప్రాంతములవారికి దానితో నేమి పని యందురేమో! వినుడు.

1605లో డచ్చి వర్తకులు మచిలీపట్టణమునకు వచ్చిరి. మఱుసటి యేడు మన నిజాంపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. ఈ రేవునే వారు పెటపోలి యని వ్రాసికొనిరి. 1611లో గ్లోబ్ అను నౌకపై ఇంగ్లీషువారును ఇచ్చటికే వచ్చిరి. ఇరువురును కోరినది మన నూలుబట్ట. లవంగములు, జాజికాయలు పండు తూర్పుదీవులవారు తమ సరకునకు మాఱుగా ఆ బట్టనే యడుగుచుండిరి. మన తీరపు టిసుకనేలలలో నూఱు చిరివేరుతో అద్దిన యెఱుపునకు పేరు గొప్పది.

1619లో డచ్చివారు జకార్తాను జయించి, బటేవియా యని పేరిడి, తమ తూర్పు వర్తకమునకు ముఖ్యపట్టణముగా జేసికొనిరి. అచ్చట 1628లో నీ వంతెన కట్టబడెను. ఇంగ్లీషువారి వర్తకశాల చెంతనుండుటచే దానికి మొదట ఇంగ్లీషువంతెన యని పేరు. నిజాంపట్టణమున పోటీపడిన యిరువురే యచ్చటను ఎదురుబొదురుగా నుండిరన్నమాట. 1628, 1629 సంవత్సరములలో మతారాము సుల్తాను సేనలు పట్టణమును ముట్టడించెను. ఆ కలతలలో చెడిన వంతెనను మరల కట్టిరి. పిమ్మట నది కోళ్లసంత వంతెన యయ్యెను. 1938లో ఎత్తుటకు వీలగునట్లు మార్చిరి. స్వాతంత్ర్యానంతరము కోట ఇంతాన్ వంతెన యనిరి. ఇంతాన్ అనగా వజ్రము. చెంతనుండిన కోటబురుజు పేరది. ఇక కోట యను మాట మనకు క్రొత్తది గాదు గదా!

ఇట్టి వంతెన పనిచేయు తీరు మన రైతునకు సులభముగా తెలియును. అది మన ఏతము వంటిదే. నిలువుకంబములపై అడ్డదూలము తూగాడుచుండును. దాని ముందుకొనకు గొలుసులతో వంతెనపలక వ్రేలును, వెనుకకొనను బరువుండును. వెనుకకొనను క్రిందికి లాగినచో పలక పైకి లేచును. బరువును బరువుతోనే తూచుట యిందలి సూత్రము.

అయినను ఆ వర్తకపు త్రాసు సమముగా తూగలేదు. మన కోరమండల తీరమునుండి బటేవియాకు పోయినవి బట్టలమూటలు మాత్రమే కావు. క్షామకాలములందు అన్నములేక అమ్ముడుపోయిన మనుష్యులను కూడ డచ్చినౌకలు బానిసలుగా గొనిపోయెను. బట్టకు వెల వ్రాసిన చిట్టాలలో నేత నేసినవాని పేరు అరుదు. అమ్ముడుపోయిన తల్లిపేరు మఱియు నరుదు.

జకార్తావారు తమ వంతెనను బాగుచేసికొనుచు, పాతకట్టడముగా కాపాడుకొనుచున్నారు. మన తీరమున ఆ యద్దకపువారికి, ఆ యభాగ్యులకు గుర్తుగా వంతెనయు లేదు, ఱాయియు లేదు. ఉన్నది నిజాంపట్టణమను పేరు, పెద్దల జ్ఞాపకము. కావున పెద్దలారా! మీ మనుమలను ఆ రేవునకు గొనిపోయినపుడు సముద్రమును మాత్రమే చూపి మరలకుడు. ఇచ్చటినుండి ఏమేమి పోయెనో, ఎవరెవరు పోయిరో కూడ చెప్పుడు. చెప్పినంతకాలము ఆ కథ నిలుచును.