బాలల చంద్రయాత్రా గ్రంథములు - వాని సంరక్షణము

తాళపత్రములను సేకరించువారిని లోకము పండితులని గౌరవించును. పిల్లలు నలిపి విడిచిన బొమ్మల పుస్తకములను ఏరి దాచువారిని చూచి నవ్వును. కాని ఒక కాలపు జనులు తమ సంతానమునకు ఏమి ఆశ కల్పించిరో తెలియుటకు ఆ చిన్న పుస్తకములను మించిన సాక్ష్యము లేదు. 1969లో మానవుడు చంద్రునిపై అడుగిడుటకు పూర్వము వ్యోమయానమును గూర్చి వెలువడిన బాలల పుస్తకములు ఇందుకు తార్కాణము. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున వానిని గూర్చి పాఠకమహాశయులకు కొంత విన్నవించెదను.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము రాకెట్టు విద్య వృద్ధినొందగా, పాశ్చాత్య దేశములందును సోవియట్ రష్యాయందును ఇట్టి వాఙ్మయము విరివిగా బయలుదేరెను. 1950 ఏప్రిల్ 14న ఇంగ్లండులో ‘ఈగిల్’ అను బాలుర వారపత్రిక ప్రారంభమయ్యెను. అందు ఫ్రాంక్ హాంప్సన్ చిత్రించిన డాన్ డేర్ అను వీరుడు, భూమిపై ఆహారము కొరవడగా, దానిని వెదకుచు శుక్రగ్రహమునకు పోవును. 1962 డిసెంబరు 14న మారినర్-2 నౌక శుక్రుని సమీపముగా సాగిపోయి, ఆ గ్రహము దుర్భరమైన వేడిమి గలదని తెలిపెను. కథలోని శుక్రలోకము ఆనాటితో కల్పనయై మిగిలెను.

చంద్రుని పర్వతముల సంగతియు నిట్టిదే. 1949లో అమెరికాలో విల్లీ లే రచనకు చెస్లీ బోన్‌స్టెల్ చిత్రములు కూర్చి ‘ది కాంక్వెస్ట్ ఆఫ్ స్పేస్’ అను గ్రంథము ప్రకటించిరి. అది కేవలము బాలలకై వ్రాసినది కాకున్నను యువకులనేకులు దానిని చదివిరి. అందు చంద్రుని కొండలు కత్తివాదరవలె నిటారుగా నుండును. గాలియు నీరును లేనిచోట శిల అరుగదుగదా యని ఆనాటి తర్కము. వాస్తవమునకు సూక్ష్మోల్కలు యుగయుగములుగా పడిపడి ఆ కొండలను నున్నన చేసినవి. బోన్‌స్టెల్ 1957లో బోస్టన్ విజ్ఞాన ప్రదర్శనశాలకు 40 అడుగుల చంద్రతల చిత్రమును వ్రాసియిచ్చెను. అపోలో యాత్రల పిదప, అది సత్యముకాదని 1970లో దించివేసిరి. అదృష్టవశమున పారవేయలేదు. 1976లో అది స్మిత్సోనియన్ సంస్థకు చేరి భద్రమయ్యెను.

పుస్తకములకు అంతటి అదృష్టము అరుదు. 1959లో మే ఫ్రీమన్, ఐరా ఫ్రీమన్ దంపతులు ‘యు విల్ గో టు ది మూన్’ అను పుస్తకమును, అప్పుడే చదువనేర్చిన పసివారికై రచించిరి. నీవు చంద్రునికి పోయెదవు అని ఆ పేరునకు అర్థము. 1971లో దానినే సవరించి క్రొత్త చిత్రములతో మరల అచ్చువేసిరి. రెండు ముద్రణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికే ఆ పండ్రెండేండ్లలో మానవుని ఊహ ఎంత మారెనో కనబడును. క్రొత్తది వచ్చినదని పాతదానిని విడిచినచో ఆ పోలికయే లేదు.

ఇంకొక విశేషము. బెల్జియము చిత్రకారుడు హెర్జే ‘టింటిన్’ కథలలో చంద్రయాత్రను 1950 మొదలు పత్రికలో నడిపి, 1953, 1954 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించెను. అందు చంద్రునిపై ఒక గుహలో మంచుగడ్డ కనబడును. చంద్రుడు శుష్కలోకమని తలచిన దినములలో అది వట్టి చమత్కారము. 2008లో మన శ్రీహరికోట నుండి ఎగసిన చంద్రయాన్-1 కొలతలను పరిశీలించి, ధ్రువప్రాంతమున ఎండ సోకని గుంటలలో మంచు కలదని 2018లో శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. హెర్జే గుహ వేరు, ఈ గుంటలు వేరు. అయినను తప్పని త్రోసివేసిన మాటకు మరల విలువ రావచ్చునని ఇందువలన తెలియవలెను.

ఇట్టి పుస్తకములు దొరకుట కష్టము. కలపగుజ్జు కాగితము పసుపెక్కి పెళుసగును. కుట్టిన ఇనుపతీగ త్రుప్పుపట్టును. అట్టబొమ్మలు విడదీసి రాకెట్టు కూర్చుకొను పుస్తకములు పిల్లలు ఆడుకొన్నంతనే నశించును. రష్యన్ పుస్తకముల వివరములలో ముద్రణకు ఒప్పగించిన తేదీయు, ప్రతుల సంఖ్యయు నుండును గనుక కాలనిర్ణయము సులభము. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు తెలుగుననే అచ్చువేసిన పుస్తకములు విశాలాంధ్రవారి ద్వారా మనకు లభించెడివి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటతో ఆ రాకడ నిలిచెను. ఇక మిగిలిన ప్రతులే మిగిలినవి. గ్రంథాలయ ముద్రపడిన ప్రతికి సంగ్రాహకులు వెల తగ్గింతురు. నా మనవి వేరు. తిరిగి ఇచ్చిన తేదీలు వరుసగా పడిన ఆ చీటీయే, పల్లెబాలుడొకడు ఏ దినమున చంద్రుని కలగనెనో చెప్పు ఏకైక పత్రము.

కాలము చెల్లిన పుస్తకము బాలలకు తప్పు నేర్పదా యని గ్రంథపాలకులు శంకింపవచ్చును. శంక న్యాయమే. 2006 ఆగస్టు 24న ప్లూటోను గ్రహముల వరుసనుండి తొలగించిన పిదప, తొమ్మిది గ్రహములని చెప్పు పుస్తకమును పిల్లవాని చేతికి ఊరకే ఈయరాదు. అయినను దానిని తూకమునకు వేయుటయు తగదు. లెక్కలు వ్రాయువారికొక నియమము కలదు. తప్పుపడిన అంకెను గీకి చెరపరాదు. ఒక్క గీత గీచి, సరియైన అంకె ప్రక్కన వ్రాసి, చేవ్రాలు చేయవలెను. పాత అంకె చదువుటకు వీలుగా నుండవలెను. కావ్యపరిష్కర్తలు పాఠాంతరములను అడుగున చూపుటయు ఇట్టిదే.

కావున మన గ్రంథాలయమున తీసివేయదలచిన బాలల శాస్త్రగ్రంథములలో ఒక్కొక్క ప్రతినైనను వేరు బీరువాలో నుంచి, లోపలి అట్టపై అచ్చయిన సంవత్సరమును, తరువాత తెలిసిన సత్యమును ఒక చీటీపై వ్రాసి అంటింపవలెనని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. ఇందుకు వ్యయము స్వల్పము. స్వర్ణోత్సవమునాటికి ఆ బీరువా తెరచు బాలబాలికలు, మనమెంత ఎరిగితిమో, ఎంత ఎరుగకయే ఆశపడితిమో, రెండును చదువుకొందురు గాక.