కుండ ఎవరిది?

గింజతో మొదలుపెట్టి ఇంట్లోనే బీరు తయారుచేసుకోవాలంటే మొదట ఏ సామాను కొనాలి? అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురు ఈ ప్రశ్న నన్ను అడిగింది. "చిన్నమ్మా, నువ్వు రాగులు మొలకెత్తిస్తావు కదా, నీకు తెలుస్తుంది" అంది. అక్కడ 1978లో చేసిన చట్టం ఇంటి అవసరానికి బీరు చేసుకోవడాన్ని అనుమతించింది. మన దగ్గర అది నేరం. ఆమె పంపిన జాబితా చదువుతుంటే నాకు అందులో వంటింటి చరిత్ర కనిపించింది. సామాను పెరిగినకొద్దీ ఈ పని స్త్రీల చేతుల్లోంచి ఎలా జారిపోయిందో ఆ జాబితాయే చెబుతోంది.

పని సూక్ష్మం ఇది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పగలగొట్టి, 65-67 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచాలి. మొలకలో పుట్టిన ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపినీటిని వడకట్టి, హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులవబెట్టాలి. ఇందుకు దుకాణాలవాళ్లు మూడు పెద్ద స్టీలు పాత్రలు, పంపు, చల్లార్చే రాగి గొట్టపు చుట్ట, గింజ పగలగొట్టే మర అమ్ముతారు. కానీ 19 లీటర్ల బీరుకు కావలసింది నాలుగున్నర, ఐదు కిలోల గింజ. దానికి 35-40 లీటర్ల గిన్నె ఒకటి, అందులో పట్టే పలుచని గుడ్డసంచి, నమ్మకమైన థర్మామీటరు, గాలి బయటికి పోయే మూత ఉన్న బకెట్టు, శుభ్రం చేసే మందు చాలు. మర లేకపోతే గింజను దుకాణంలోనే పగలగొట్టించుకోవచ్చు. డబ్బు తగ్గించుకోకూడనిది గిన్నె, థర్మామీటరు దగ్గరే. గింజా నీరూ ఒకేచోట ఉండాలి కనుక గిన్నె చిన్నదైతే పొంగిపోతుంది. వేడి బాగా పెరిగితే ఎంజైములు చచ్చిపోతాయి. చల్లార్చడానికి గిన్నెను మంచునీళ్ల తొట్టిలో దించితే సరిపోతుంది.

ఈ గుడ్డసంచి పద్ధతి 2000ల మధ్యలో ఆస్ట్రేలియాలో ప్రచారంలోకి వచ్చింది. మా నల్లచెరువులో మాకు గుడ్డ కొత్త కాదు. మా అమ్మ రాగులను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, నలిపి విసిరేది. చెనిక్కాయ మా చేలను ఆక్రమించుకున్నాక కూడా పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ మూట ఉండేది. గట్టిగా ఉన్న జావలో చెంచాడు మొలకపిండి కలిపితే పలచబడుతుంది, బిడ్డ నాలుగు గుక్కలు ఎక్కువ తాగుతుంది. మరుగుతున్నప్పుడు వేస్తే పనిచేయదని అమ్మకు తెలుసు. ఎంజైమ్ అన్న మాట తెలియకుండానే బీరు శాస్త్రంలోని మొదటి సగం ఆమెకు వచ్చు. మా ఇంట్లో ఆ విద్య జావ దగ్గర ఆగిపోయింది. బస్తర్ ఆదివాసీ స్త్రీలు ఆవిరిపై ఉడికించిన బియ్యప్పిండిలో మొలకెత్తించిన మొక్కజొన్న పిండి కలిపి, కుండలో పులవబెట్టి 'లంద' చేస్తారు. రెండూ ఒకే విద్య.

ప్రపంచమంతటా ఇది స్త్రీల విద్యే. సుమేరియన్లకు బీరు దేవత నిన్‌కాసి. క్రీ.పూ. 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనాలు మద్యం అమ్మేవాళ్లను స్త్రీలుగానే ప్రస్తావిస్తాయి. ఇంగ్లండులో 1300 ప్రాంతంలో 'ఏల్' అనే బీరు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. 1600 నాటికి ఆ వృత్తి మగవాళ్లదైపోయింది. ఈ మార్పు మీద జుడిత్ బెన్నెట్ 1996లో ఒక పుస్తకమే రాశారు. ఏల్ కొద్దిరోజుల్లో పులిసిపోతుంది కనుక ఇంటింటా కొంచెం కొంచెం చేసేవాళ్లు. హాప్స్ వేసిన బీరు నిలవ ఉంటుంది, దూరం పోతుంది. దానికి పెద్ద రాగి కాగులు, పెట్టుబడి, అప్పు, ఒప్పందాలు కావాలి. పెళ్లయిన స్త్రీకి తన పేర అప్పు పుట్టదు, ఒప్పందం చెల్లదు. ఆమె నేర్పు తగ్గలేదు, కాగు కొనే దారి లేకపోయింది.

మన దగ్గర ఆ పని చట్టం చేసింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం మద్యం తయారీని సర్కారు ఆదాయంగా మార్చింది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం, కల్లు తప్ప ఇతర మత్తు పానీయాలను తయారుచేసే ఉద్దేశంతో సరుకులు, పాత్రలు దగ్గర ఉంచుకోవడమూ నేరమే. అంటే జావ కాచిన కుండే ఉద్దేశం మారితే సాక్ష్యం అవుతుంది. కాంట్రాక్టరు పాటలో కొనుక్కున్నది దుకాణమైంది, ఇంట్లోది దొంగసారా అయింది.

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగాలి. దూబగుంట స్త్రీల పోరాటాన్ని మన గర్వంగా చెప్పుకునే మనం బీరు కుండను మెచ్చుకోవచ్చా అని. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం తరగతుల నుంచి లేచిన ఆ ఉద్యమం వల్లే 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. తాగొచ్చిన మగవాడి దెబ్బలు పులిసింది రాగా, బియ్యమా అని చూడవు. ఇంట్లో చేసినంత మాత్రాన మద్యం మంచిదైపోదు. కానీ ఆ స్త్రీలు ఎదిరించింది కూలిడబ్బును ఇంటికి చేరకముందే లాక్కునే వ్యాపారాన్ని, దాని ఆదాయం మీద బతికే ప్రభుత్వాన్ని. ఆ వ్యాపారంలో తయారీ, అమ్మకం, లాభం ఏవీ వాళ్లవి కావు. తన్నులు మాత్రమే వాళ్లవి. అందుకే ఈ రెండు చరిత్రలూ నాకు విరుద్ధంగా కనిపించవు. కుండ స్త్రీ చేతిలోంచి పోవడం మొదటి అధ్యాయం, నిండిన సీసా ఆమె ఇంటిమీదికి రావడం రెండోది.

రెండో అధ్యాయం మనం రాసుకున్నాం. మొదటిది ఇంకా ముసలమ్మల దగ్గరే ఉంది. వాళ్ల కష్టాలను అడిగి రాసుకోవడం 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' మనకు నేర్పింది. వాళ్ల నేర్పును కూడా అలాగే అడగాలి. ఏ కుండ, ఎంత గింజ, ఏ గుడ్డ, ఎన్ని రోజులు, ఎప్పుడు మానేశారు, ఎవరు మాన్పించారు?