కాఫీ వెల, కూర్చున్న చోటు వెల

కాఫీ అంగడికి వెళ్ళిన మనిషి దేనికి సొమ్ము చెల్లిస్తున్నాడు? గింజకా, పాలకా, చక్కెరకా, లేక కాసేపు కూర్చున్న చోటుకా? ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక మూడు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర చెప్పుకొనుటకు ఇటలీలోని వెనిస్ కంటే అనువైన నగరం నాకు తోచలేదు. యాత్రికుల రాకపోకల మీద బ్రతికే ఆ ఊరిలో కాఫీ, ఐస్‌క్రీము అమ్మే అంగళ్ళు అడుగడుగునా ఉన్నాయి. వాటిలో ఒకటి 1720లో తెరచినది.

ముందుగా పేర్ల సంగతి. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాడిని గనుక, మాట వినగానే మనసు దాని పుట్టుక వైపు పోతుంది. అరబ్బుల 'ఖహ్వా' తురుష్కుల నోట 'కహ్వె' అయి, ఇటలీలో 'కఫ్ఫే' అయింది. మనం వేసవిలో తాగే షర్బతు కూడా అరబ్బీ మాటే. అదే పడమటికి పోయి ఇటలీవారి 'సొర్బెత్తో'గా మారింది. ఇక 'జెలాటో' అంటే వారి భాషలో గడ్డకట్టినది అని మాత్రమే అర్థం.

1585లో కాన్‌స్టాంటినోపుల్‌లో వెనిస్ ప్రతినిధిగా ఉన్న జాన్‌ఫ్రాంచెస్కో మొరోసీని తన ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. తురుష్కులు ఒక గింజతో కాచిన నల్లని నీటిని, నోరు ఓర్చుకోగలిగినంత వేడిగా, వీధులలోనూ అంగళ్ళలోనూ కూర్చుని తాగుతున్నారని అందులో వ్రాశాడు. ఆ పానీయంతో పాటు, దాన్ని నలుగురూ ఒక చోట చేరి తాగడం కూడా ఆయన కంటికి వింతగానే తోచింది. 1592లో ప్రోస్పెరో ఆల్పీని అనే వైద్యుడు ఈజిప్టు మొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథంలో కాఫీ చెట్టును వర్ణించాడు. 17వ శతాబ్దిలో ఆ గింజ వెనిస్ రేవుకు సరకుగా వచ్చింది.

ఐస్‌క్రీము కథ వేరు. మంచుగడ్డలో ఉప్పు కలిపితే మంచు త్వరగా కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని లోపలి పాత్ర నుండి లాగుకుంటుంది. ఈ ఉపాయంతో సున్నాకు దిగువన 20 డిగ్రీల దాకా చలువ పుట్టించవచ్చు. 1589లో నేపుల్స్ పండితుడు జాంబత్తిస్తా దెల్లా పోర్తా సురేకారంతో ద్రాక్షసారాయిని గడ్డకట్టించే పద్ధతిని వివరించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే మన అక్బరు కొలువులో సురేకారంతో నీరు చల్లబరచేవారని ఐన్-ఇ-అక్బరీ చెబుతున్నది. తూర్పున గాని పడమర గాని, తొలుత ఆ చలువ ప్రభువుల విందులకే పరిమితం. 1690ల నాటికి నేపుల్స్‌లో ఆంటోనియో లతీని తన పాకశాస్త్ర గ్రంథంలో సొర్బెత్తోలు చేసే తీరు ముద్రించాడు. అంతకు కొద్దిగా ముందు, 1686లో, ప్రొకోపియో అనే సిసిలీ మనిషి పారిస్‌లో అంగడి తెరచి కాఫీని, చల్లని పదార్థాలను ఒకే కప్పు కింద అమ్మాడు. రాజుగారి బల్ల మీది వస్తువు నాణెం ఇచ్చినవాడి చేతికి అందింది.

వెనిస్‌లో 1720 డిసెంబరు 29న ఫ్లోరియానో ఫ్రాంచెస్కోని సాన్ మార్కో చత్వరంలో కాఫీ అంగడి తెరచాడు. 'విజయశాలి వెనిస్' అని పేరు పెట్టాడు. జనం మాత్రం యజమాని పేరుతోనే 'ఫ్లోరియన్' అన్నారు, ఆ పేరే నిలిచింది. ఆ శతాబ్ది నడుమకు నగరంలో కాఫీ అంగళ్ళు రెండు వందలు దాటాయి. 1750లో కార్లో గోల్డోని 'కాఫీ అంగడి' అనే పేరుతోనే ఒక ప్రహసనం వ్రాశాడు. అందులో రిదోల్ఫో అనే అంగడి యజమాని వెనుకటికి ఒకరింట సేవకుడు. జూదంలో చెడిపోతున్న పాత యజమాని కొడుకుకు బుద్ధి చెప్పేది అతడే. దోన్ మార్జియో అనే పెద్దమనిషి మాత్రం రోజంతా అక్కడే కూర్చుని వచ్చేపోయే వారిపై చాడీలు చెబుతాడు. చివరకు అందరూ కలిసి అతణ్ణి ఛీకొట్టగా ఊరు విడిచి పోతాడు. కాఫీ డబ్బు ఇచ్చినంత మాత్రాన కుర్చీ మీద సర్వాధికారాలు రావని, పక్కవాడి మర్యాద కాపాడడం కూడా ఆ వెలలో భాగమని గోల్డోని చూపించాడు.

1797లో వెనిస్ గణరాజ్యం నెపోలియన్ చేతిలో కూలింది. ఆ తరువాత, నడుమ కొన్నేళ్ళు మినహా, 1866 దాకా నగరం ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్నది. 1848లో దానియేలే మనీన్ నాయకత్వాన తిరుగుబాటు జరిగి, మరుసటి ఏడు అణగిపోయింది. అప్పటినుండి కాఫీ అంగళ్ళు కూడా రెండు పక్షాలయ్యాయి. చత్వరానికి అవతలి వైపున్న 'క్వాద్రి'లో ఆస్ట్రియా సేనాధికారులు కూర్చునేవారు. నగరవాసులు అటు తొంగి చూసేవారు కారు. 1861 నుండి 1865 దాకా అక్కడ అమెరికా కాన్సులుగా ఉన్న విలియం డీన్ హవెల్స్ 'వెనీషియన్ లైఫ్' అనే పుస్తకంలో ఒక విశేషం చెప్పాడు. ఈ రెండు పక్షాలూ ఒకే కప్పు కింద కూర్చునే చోటు ఆ నగరంలో ఫ్లోరియన్ ఒక్కటేనట. కారణం, అక్కడ నానాదేశాల యాత్రికులు కిక్కిరిసి ఉంటారు గనుక, అక్కడికి వెళితే ఫలానా పక్షం అని ఎవరూ అనుకోరు. పరాయి ఊరివాడు పక్కన కూర్చున్నందువల్ల, మాటలు లేని ఇద్దరు ఒకే చోట కాఫీ తాగగలిగారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన అరుగులు, రచ్చబండలు గుర్తుకు వచ్చాయి. వాటికి వెల లేదు. కాని ఎవరు పైన కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో పుట్టుకే తేల్చేది. కాఫీ హోటలు వచ్చాక డబ్బిచ్చిన ప్రతివాడికీ కుర్చీ దొరకవలసింది. దొరకలేదు. మద్రాసు రాజధానిలోని పలు హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరుగా చోటు ఉండేది. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో, అంగళ్ళలోకి, హోటళ్ళలోకి వెళ్ళడానికి కులమతాలు అడ్డు కారాదని విడమరచి చెప్పవలసి వచ్చింది. చట్టం చెప్పిన తరువాత కూడా, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన పల్లెలో, టీ అంగడి చూరుకు వేరే గ్లాసులు వేలాడుతుండేవి. నా తరగతిలో ముందు వరుసలో కూర్చుని పద్యాలు ఒప్పజెప్పిన పిల్లలు, సాయంత్రం ఆ గ్లాసులు తామే కడుక్కుని బయట నిలబడి తాగేవారు. అందుకే హవెల్స్ చెప్పిన ఆ ఉమ్మడి కుర్చీ విలువ నాకు తెలుసు.

2019లో మా అమ్మాయి, అల్లుడు తీసుకువెళితే వెనిస్ చూశాను. అక్కడ ఒకే కాఫీకి రెండు వెలలు: గట్టు వద్ద నిలబడి తాగితే ఒకటి, బల్ల వద్ద కూర్చుంటే దానికి కొన్ని రెట్లు. పెద్ద చత్వరంలోనైతే వాద్యబృందం వాయిస్తుంటే మనిషికి ఇంతని సంగీతం రుసుము అదనం. మొత్తం పట్టీలో వ్రాసే ఉంటుంది. చదువుకోవలసిన బాధ్యత మనది. నేను గట్టు వద్దనే నిలబడి తాగాను. కాఫీ బాగున్నది, మోకాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. జెలాటో విషయంలో అల్లుడు ఒక గుర్తు చెప్పాడు. గోపురాలుగా పేర్చి, కళ్ళు చెదిరే రంగులతో ఉన్నదాన్ని కొనవద్దన్నాడు. అసలైన పిస్తా జెలాటో పచ్చగా మెరవదు, కాస్త మట్టిరంగు కలిసి ఉంటుంది. మంచి అంగళ్ళు కొన్ని దాన్ని మూత పెట్టిన లోహపు గిన్నెల్లో దాస్తాయి. పట్టీ చదవని యాత్రికుల గతి ఏమవుతుందో 2013లో రోము నగరంలో లోకానికి తెలిసింది. నలుగురు ఇంగ్లీషువారు నాలుగు ఐస్‌క్రీములకు 64 యూరోలు చెల్లించిన వార్త పత్రికలకెక్కింది.

అయితే వెల ఎక్కువని నా విచారం కాదు. వెనిస్ పాత నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటే దిగువకు పడింది. 2023 నాటికి యాత్రికుల కోసం పరచిన పడకలు నగరవాసుల సంఖ్యను మించిపోయాయి. 2024 ఏప్రిల్ 25 నుండి, రద్దీగా ఉండే ఎంపిక చేసిన రోజులలో, ఒక్క పూట చూసిపోయేవారి వద్ద 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. సాన్ మార్కో మెట్ల మీద ఊరకే కూర్చుంటే జరిమానా. కూర్చోవాలంటే కొనాలి, కొనగలిగినంత సొమ్ము స్థానికుడికి రోజూ ఎక్కడిది? ఒకనాడు యాత్రికుడు వచ్చి కూర్చున్నందువల్ల ఊరివారికి ఉమ్మడి చోటు దొరికింది. నేడు యాత్రికుడి రద్దీ వల్లనే ఊరివాడు లేచి వెళ్ళిపోతున్నాడు.

మన అరకులో కాఫీ పండుతున్నది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. యాత్రికుల కోసం అక్కడ కాఫీ అంగళ్ళు వెలిశాయి, ఇంకా వెలుస్తాయి. మంచిదే. కాని ఆ గింజ పండించిన గిరిజన రైతు తన ఊరి అంగడిలో, యాత్రికుడి పక్క కుర్చీలో కూర్చుని, తన కాఫీ తాను తాగగలగాలి. అంగడి మంచిదా కాదా అని తేల్చుకొనుటకు రుచి చూడండి, వెల పట్టీ చూడండి. ఆ తరువాత పక్క బల్లల వైపు ఒకమారు చూసి, అక్కడ ఊరి మనిషి ఒక్కడైనా ఉన్నాడేమో గమనించండి.