రొమ్ము క్యాన్సర్: ఏ ఆపరేషన్ అనే నిర్ణయానికి ఒక చరిత్ర

రొమ్ము క్యాన్సర్ తొలిదశలో బయటపడితే నేడు ముందుండే దారులు ముఖ్యంగా రెండు. గడ్డనూ దాని చుట్టూ కొంత మంచి కండనూ మాత్రమే తీసి, ఆ తరువాత రేడియేషన్ ఇవ్వడం ఒకటి. ఈ ఆపరేషన్‌ను లంపెక్టమీ అంటారు. రొమ్మును పూర్తిగా తొలగించే మాస్టెక్టమీ రెండోది. కోరుకుంటే అప్పుడే గానీ, తరువాత గానీ రొమ్మును తిరిగి నిర్మించుకోవచ్చు. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునే అవకాశం స్త్రీకి దక్కి సుమారు యాభై ఏళ్లే అయింది. అంతకుముందు నిర్ణయం సర్జన్‌దే.

మత్తుమందు లేని కాలంలో ఈ ఆపరేషన్ ఎలా ఉండేదో ఇంగ్లిష్ నవలా రచయిత్రి ఫానీ బర్నీ రాసిపెట్టింది. 1811 సెప్టెంబర్ 30న పారిస్‌లో, నెపోలియన్ సైన్యపు సర్జన్ లారే ఆమె కుడి రొమ్మును తొలగించాడు. ముఖం మీద కప్పిన పల్చటి రుమాలు గుండా కత్తి మెరుపు కనిపించిందని ఆమె అక్కకు రాసిన ఉత్తరంలో ఉంది. ఆ తరువాత ఆమె మరో 28 ఏళ్లు బతికింది.

మత్తుమందు వచ్చాక సర్జన్లు మరింత లోతుకు వెళ్లగలిగారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో 50 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. క్యాన్సర్ రొమ్ము నుంచి చంకలోని లింఫ్ గ్రంథులకూ, అక్కడి నుంచి శరీరంలోకీ వరుసక్రమంలో పాకుతుందని అతని నమ్మకం. అందుకే రొమ్మునూ, కింది ఛాతీ కండరాన్నీ, చంకలోని గ్రంథుల్నీ కలిపి ఒకే ముద్దగా తీసేసేవాడు. కోసినచోటే వ్యాధి తిరగబెట్టడం బాగా తగ్గింది. కానీ బతికిన స్త్రీలకు ఛాతీ గుంటపడి పక్కటెముకలు తేలేవి, చెయ్యి వాచేది, భుజం పైకి లేచేది కాదు. 1970ల దాకా అమెరికాలో అదే ప్రామాణిక వైద్యం.

ఎదురు చెప్పినవాళ్లు లేకపోలేదు. లండన్‌లో జెఫ్రీ కీన్స్ 1920ల నుంచే గడ్డను తీసి రేడియం సూదులు పెట్టి వైద్యం చేశాడు. అదే నగరంలో డేవిడ్ పేటీ ఛాతీ కండరాన్ని మిగిల్చే పద్ధతి తెచ్చాడు. ఇద్దరి మాటా చాలాకాలం పెద్దగా చెల్లలేదు.

ఆ రోజుల్లో ఆపరేషన్ గదిలో జరిగిన పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. గడ్డ ఉన్న స్త్రీ మత్తు ఇవ్వకముందే రొమ్ము తొలగింపుకు కూడా కలిపి సంతకం చేసేది. ఆమె మత్తులో ఉండగానే చిన్న ముక్క తీసి, గడ్డకట్టించి, పలుచగా కోసి, మైక్రోస్కోప్ కింద చూసేవారు. క్యాన్సర్ అని తేలితే అక్కడే రొమ్ము తీసేసేవారు. జబ్బు ఉన్నదీ, రొమ్ము పోయిందీ ఆమెకు మెలకువ వచ్చాక ఒకేసారి తెలిసేది. దీనికి వైద్యపరంగా ఏ అవసరమూ లేదు.

అమెరికన్ పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ 1974లో దీనికి అడ్డం తిరిగింది. తన గడ్డకు ముక్క పరీక్ష మాత్రమే చేసి ఆగే సర్జన్ కోసం ఆమె చాలామందిని అడగాల్సి వచ్చింది. అదే ఏడాది అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు గడ్డ కనిపిస్తే, పరీక్షనూ ఆపరేషన్‌నూ వేరుచేయమని చెప్పడానికి కుష్నర్ వైట్‌హౌస్‌కు ఫోన్ చేసింది. అధ్యక్షుడు నిర్ణయం తీసేసుకున్నారని జవాబు వచ్చింది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘంలో కుష్నర్ కూడా ఒక సభ్యురాలు. ముక్క పరీక్ష ఒకరోజు, ఆపరేషన్ మరోరోజు జరగాలని ఆ సంఘం సిఫారసు చేసింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

రుజువులూ అదే సమయంలో వచ్చాయి. మిలాన్‌లో ఉంబెర్టో వెరోనేసి 1973 నుంచి 701 మంది స్త్రీలను చీటీ వేసినట్టు రొమ్ము తీసేసే గుంపు, నిలిపే గుంపు అని రెండుగా చేశాడు. పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ 1976లో మొదలుపెట్టిన పరీక్షలో 1,851 మందిని వెంబడించి చూశారు. 20 ఏళ్ల ఫలితాలు రెండూ 2002లో వెలువడ్డాయి: రొమ్మును నిలుపుకున్నా, తీసేసినా బతికే అవకాశం ఒకటే. రేడియేషన్ లేకుండా గడ్డ మాత్రమే తీసినవాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో వ్యాధి మళ్లీ వచ్చింది. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో అది 14 శాతమే. మధ్యలో, 1994లో, మాంట్రియల్ వైద్యుడొకరు తప్పుడు వివరాలు చేర్చాడని బయటపడి ఫిషర్ పరీక్షపై గగ్గోలు రేగింది. అతని రోగులను తీసేసి మళ్లీ లెక్కకట్టినా ఫలితం మారలేదు.

ఆపరేషన్‌కు తోడు మందులు అవసరమన్న ఫిషర్ వాదనకు 1976లో మిలాన్‌లోనే జరిగిన కీమో మందుల పరీక్ష నుంచి బలం చేకూరింది. అక్కడ వాడిన మూడు మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చింది.

చంక ఆపరేషన్ కూడా తగ్గింది. 1990ల నుంచి నీలిరంగో, స్వల్ప రేడియోధార్మిక పదార్థమో ఎక్కించి, అది మొదట చేరే గ్రంథిని మాత్రమే తీసి చూస్తున్నారు. అది శుభ్రంగా ఉంటే మిగతావి తీయనక్కరలేదు.

బతికే అవకాశం సమానమైనా లంపెక్టమీ అందరికీ కుదరదు. తీసిన ముక్క అంచులకు సిరా పూసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. సిరా అంటిన చోట క్యాన్సర్ కణం ఉంటే మళ్లీ కోయాలి. ఛాతీకి ముందే రేడియేషన్ తీసుకున్నవారికీ, గడ్డలు రొమ్ములో దూరదూరంగా ఉన్నవారికీ మాస్టెక్టమీయే మేలు కావచ్చు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి కుదించి చూస్తారు. ఏంజెలినా జోలీ 2013లో రెండు రొమ్ములూ తీయించుకున్నది ఆమెలో బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నందువల్ల. అలాంటి లోపం లేనివాళ్లు రెండో రొమ్ము తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందనడానికి రుజువు లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ నిర్ణయాన్ని దూరం కూడా శాసిస్తోంది. జనం ‘కరెంటు పెట్టే’వని పిలిచే రేడియేషన్ యంత్రాలు ఎక్కువగా హైదరాబాద్, విశాఖ, గుంటూరు వంటి నగరాల్లోనే ఉన్నాయి. వారాల తరబడి కూలి మానుకుని, తోడుకు ఒకరిని పెట్టుకుని అక్కడ ఉండలేక రొమ్ము తీయించుకోవడమే నయమనుకునేవాళ్లున్నారు. బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరీక్ష 2020లో, ఒక్క వారంలో ఐదుసార్లు ఇచ్చే రేడియేషన్ కూడా మూడు వారాల పద్ధతికి తీసిపోదని చూపింది. ఇది మన రోగులకు చాలా పెద్ద మేలు.

నిర్ధారణ అయిన రోజే ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. రెండో డాక్టరును కలిసే వ్యవధి ఉంటుంది. నాకు గడ్డ ఒక్కటే తీస్తే సరిపోతుందా, కాకపోతే ఎందుకు కాదు, రేడియేషన్ ఎన్నిసార్లు, ఎక్కడ అన్న ప్రశ్నలకు జవాబు విన్న తరువాతే కాగితం మీద సంతకం పెట్టండి.